రొయ్యల మేతలో వెల్లుల్లి, పసుపు, ఆకుల పొడులు: ఏది వేయాలి, ఎలా పట్టించాలి, ఏది చెరువు గట్టుకి కూడా రానివ్వకూడదు

వెల్లుల్లి వేస్తున్నాం, పసుపు వేస్తున్నాం, అయినా తేడా ఏం కనపడట్లేదండి అనే వాళ్ళు చాలామంది ఉంటారు. సరుకు తప్పు కాదు చాలాసార్లు. అది రొయ్య కడుపులోకి పోవట్లేదు, చెరువు నీళ్ళలోకి పోతోంది, అంతే. రొయ్య చేపలాగ మేతని గుటుక్కున మింగదు కదా, కాళ్ళతో పట్టుకుని తిప్పుకుంటూ కొంచెం కొంచెం కొరుక్కుని తింటుంది, పెల్లెట్ (మేత గుళిక) నీళ్ళలో పడ్డాక రొయ్య దాని దగ్గరికి వచ్చి తిని ముగించేలోపు గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు పైపైన చల్లిన పొడి అంతా కడుక్కుపోతే మనం డబ్బులు పెట్టి నీళ్ళకి వైద్యం చేసినట్టే. అందుకే ఇక్కడ ఏ ఆకు గొప్పది అనేదానికంటే ఎలా కలపాలి అనేదాని మీదే ఎక్కువ చెప్తాను.

అసలు వీటి నుంచి ఏం ఆశించాలి

రొయ్యకి మనలాగ యాంటీబాడీలు తయారవ్వవు. ఒకసారి జబ్బు వస్తే గుర్తుపెట్టుకుని రెండోసారి ఎదుర్కునే ఏర్పాటు మనకున్నట్టు దానికి లేదు, అందుకే కోళ్ళకి వేసినట్టు టీకాలు వేసి పని కానివ్వలేం. దానికున్నది పుట్టుకతో వచ్చిన రక్షణ మాత్రమే, రక్తంలో తిరిగే హీమోసైట్ కణాలు, సూక్ష్మజీవి కనపడగానే నల్లటి మెలనిన్ చుట్టి బంధించే ఫినాలాక్సిడేజ్ వ్యవస్థ, ఇలాంటివి. మొక్కల్లో ఉండే కొన్ని పదార్థాలు ఈ వ్యవస్థని కొంచెం చురుగ్గా ఉంచుతాయి, పేగులో చెడ్డ బ్యాక్టీరియా పెరగకుండా కొంత ఆపుతాయి, కొన్ని మేత రుచి పెంచి బాగా తినేట్టు చేస్తాయి. అంతవరకే.

వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిన చెరువుకి ఏ ఆకు రసం పోసినా ఆగదు. గరిక రసం మేతలో కలిపి పెడితే వైట్ స్పాట్‌ని తట్టుకున్నాయని ల్యాబ్ తొట్లలో చేసిన ప్రయోగాలు ఉన్నాయి, నిజమే, కానీ ల్యాబ్ తొట్టికీ ఎకరాల చెరువుకీ చాలా దూరం. ఈహెచ్‌పీ, అంటే రొయ్య లివర్‌లో చేరి ఎదుగుదల ఆపే సూక్ష్మ పరాన్నజీవి, దాని సంగతీ అంతే. దాని స్పోర్లు మట్టిలో కూర్చుంటాయి, దానికి దారి పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్ష చేయించిన సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్లలు), పంట అయ్యాక చెరువు ఎండబెట్టి కాల్చిన సున్నం వేసి దున్ని మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కించడం. మేతలో పొడి కలిపి ఈహెచ్‌పీ పోగొడతాం అని ఎవరైనా అంటే మర్యాదగా వినేసి వచ్చేయండి.

మరి ఎందుకు వేయడం అంటే, యాంటీబయాటిక్ జోలికి పోకుండా ఉండడానికి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు యూరప్‌లో, అమెరికాలో ఆహారం కోసం పెంచే జీవాలకి పూర్తిగా నిషేధం, కంటైనర్లో చిన్న శాంపిల్లో దొరికినా సరుకు వెనక్కి వచ్చేస్తుంది. విబ్రియో అనే బ్యాక్టీరియా కౌంట్ కొంచెం పెరుగుతోంది, మేత కొంచెం తగ్గింది, గట్ (పేగు గీత) అక్కడక్కడ తెగి కనపడుతోంది, ఇలాంటి మొదటి దశలో ఈ వెల్లుల్లీ పసుపూ లాంటివి పనికొస్తాయి. చావులు మొదలయ్యాక కాదు.

ముందు విషాల సంగతి

మంచివాటి లిస్టు కంటే ఇది ముఖ్యం కాబట్టి ముందు చెప్పేస్తున్నా. రొయ్య, పురుగు, రెండూ ఒకే వంశం, రెండూ కాళ్ళకి కీళ్ళున్న జాతి, రెండూ గుల్ల వదిలి పెరిగేవే. గుల్ల వదలమని చెప్పే హార్మోన్ కూడా రెండింట్లో ఒకే రకం, ఎక్డైసోన్ కుటుంబం. కాబట్టి పొలంలో పురుగుని చంపే మొక్క ఏదైనా రొయ్యకి మంచిది అయ్యే అవకాశం చాలా తక్కువ.

వేప గురించే ఎక్కువ గొడవ. మనుషులకి మంచిది, పశువులకి మంచిది, సహజం, అని మేతలో వేప నూనె, వేప పిండి కలిపే వాళ్ళున్నారు. వేప గింజలో ఉండే అజాడిరక్టిన్ పురుగుని ఎలా చంపుతుందంటే గుల్ల వదిలే ప్రక్రియనే చెడగొడుతుంది, పురుగు సగం గుల్ల వదిలి అక్కడే ఆగిపోయి చస్తుంది. అదే పదార్థం తీసుకెళ్ళి గుల్ల వదిలి పెరగాల్సిన రొయ్యకి పెట్టడం ఏం తెలివి? ఆకు కషాయం కొంచెం వాడితే ఏం కాలేదు అనేవాళ్ళు ఉంటారు, ఉండొచ్చు, ఆకులో కంటే గింజలో ఆ పదార్థం బాగా ఎక్కువ. కానీ ఇన్ని సురక్షితమైనవి ఉండగా దానితో ఆడుకోవడం ఎందుకనేది నా లెక్క. సీతాఫలం గింజలు, కానుగ నూనె, పొగాకు కషాయం, పైరెత్రం వచ్చే చామంతి రకాలు, ఇవన్నీ కూడా అదే బాపతు. గట్టు మీద డబ్బా కూడా పెట్టుకోవద్దు.

ఇంకో పక్క టీ సీడ్ కేక్ (టీ గింజల చెక్క) ఉంది చూడండి, అది సరిగ్గా దీనికి తిరగబడి. సీడ్ వేసే ముందు చెరువులో చేపల్ని చంపడానికి వాడేదే, దాంట్లో సపోనిన్లు చేప మొప్పల మీద, రక్తంలోని ఎర్ర కణాల మీద పని చేస్తాయి, రొయ్యకి ఎర్ర కణాలే లేవు, దాని రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న హీమోసయనిన్, అందుకే చేప చచ్చే మోతాదుకి రొయ్య నిలబడుతుంది. మొక్కది కాబట్టి మంచిది, లేదా మొక్కది కాబట్టి ఉత్తిది, రెండు మాటలూ తప్పే, ఏ పదార్థం ఏ జీవం మీద ఎలా పని చేస్తుందో చూడాలి.

ఇక ఎవరూ పట్టించుకోని విషం ఇంకోటి ఉంది. ఆకు మంచిదే, కానీ ఎక్కడ కోశారు? మిరప తోట గట్టు మీద, పత్తి చేను పక్కన కోసిన మునగాకు మీద సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందు పడి ఉంటే దానికి రొయ్య చాలా చాలా తక్కువ మోతాదుకే పోతుంది, చేప కంటే ముందే పోతుంది. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ కూడా ఇలాంటివే. కడిగితే పోద్దిలే అనుకోవద్దు, కొన్ని మందులు ఆకు లోపలికే ఎక్కిపోతాయి. స్ప్రే చేయని చెట్టు అని మీ కళ్ళతో చూసింది అయితేనే కోయండి, లేకపోతే వదిలేయండి.

ఏవి వేయాలి

పది రకాలు కలిపిన పొడి కంటే రెండు మూడు సరుకులు సరిగ్గా వాడడం నయం. ఎందుకంటే పది కలిపినప్పుడు ఏది పని చేసిందో, ఏది మేత తగ్గించిందో ఎప్పటికీ తెలియదు.

వెల్లుల్లి మొదటిది. దీంట్లో పని చేసేది అల్లిసిన్, కానీ పచ్చి రెబ్బలో అల్లిసిన్ ఉండదు, అల్లీన్ అనేది ఒక గదిలో, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో గదిలో విడివిడిగా ఉంటాయి. దంచినప్పుడు గోడలు పగిలి రెండూ కలిస్తే అప్పుడు అల్లిసిన్ తయారవుతుంది, ఆ ఘాటు వాసన అదే. కాబట్టి దంచాక ఒక 10 నిమిషాలు అలా వదిలేయాలి. రెబ్బల్ని ముందే ఉడకబెడితే ఎంజైమ్ చచ్చిపోద్ది, ఇంక అల్లిసిన్ రాదు. తయారైన అల్లిసిన్ కూడా ఎక్కువసేపు నిలవదు, అందుకే ఎప్పటికప్పుడు దంచుకోవడమే. కిలో మేతకి 5 నుంచి 10 గ్రాముల ఒలిచిన వెల్లుల్లి చాలు. వాసనకి రొయ్యలు మేత దగ్గరికి బాగా వస్తాయి, అది అదనపు లాభం.

పసుపు రెండోది. దీంట్లో కుర్కుమిన్ మామూలు పొడిలో సుమారు 3 శాతమే ఉంటుంది, పైగా అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్ళలో కలిపి మేతకి పట్టిస్తే పైన రంగు అంటుకుంటుంది గానీ లోపలికి చేరేది తక్కువ. కొంచెం గోరువెచ్చటి నూనెలో కలిపి పట్టించాలి. కిలో మేతకి 2, 3 గ్రాములు. కొమ్ములు కొని మీరే మర పట్టించుకుంటే మంచిది, ఎందుకంటే పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ లాంటివి కలిపే కల్తీ ఉంది, సీసం తీసుకెళ్ళి రొయ్యకి పెట్టినట్టవుద్ది. పొడిని వెలుతురు తగలకుండా దాచుకోండి, ఎండకి కుర్కుమిన్ పాడవుతుంది.

అల్లం కూడా వెల్లుల్లితో పాటు కలిపి దంచే వాళ్ళున్నారు, పర్వాలేదు, కిలోకి 2, 3 గ్రాములు దాటకుండా, ఘాటు ఎక్కువైతే మేత తగ్గుద్ది. నేల ఉసిరి లివర్‌కి అని వాడతారు, రొయ్య లివర్ అంటే హెపటోపాంక్రియాస్, తల భాగంలో గోధుమ రంగులో కనపడేది. నేల ఉసిరి చేదు, కొద్దిగా మొదలుపెట్టి చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడడానికి చెరువులో దించే పళ్ళెం) చూసుకుంటూ వెళ్ళాల్సిన సరుకు.

మునగాకు పొడి గురించి ఒక అపోహ తీర్చాలి. ప్రోటీన్ బాగా ఉంటుందని గుప్పెళ్ళతో వేస్తుంటారు. ఎండిన మునగాకులో ప్రోటీన్ సుమారు 25 నుంచి 27 శాతం. మీరు వేసే వనామీ రకం రొయ్య మేతలో 32 నుంచి 38 శాతం దాకా ఉంటుంది. అంటే మునగాకు ఎంత ఎక్కువ కలిపితే మేతలో ప్రోటీన్ అంత పలచబడుతుంది, పెరగదు. పైగా దాంట్లో ఉండే ఫైటేట్లు, సపోనిన్లు ఎక్కువైతే అరుగుదల తగ్గిస్తాయి. అసలు ఏ పొడి అయినా అన్నీ కలిపి కిలో మేతకి 10 గ్రాములు, మహా అయితే 20, అంతకు మించి వెళ్ళకండి.

రంగు కోసం అయితే స్పైరులినా. ఉడకబెట్టినప్పుడు రొయ్యకి వచ్చే ఎరుపు ఆస్టాజాంథిన్ వల్ల, దాన్ని రొయ్య సొంతంగా మొదటినుంచి తయారు చేసుకోలేదు గానీ మేతలో బీటా కెరోటిన్, జియాజాంథిన్ ఉంటే వాటిని మార్చుకోగలదు, స్పైరులినాలో అవి ఉంటాయి. బంతిపూల పొడిలో ఉండేది ఎక్కువగా ల్యూటిన్, రొయ్య దాన్ని అంత బాగా వాడుకోలేదు. ఏదైనా పట్టుబడికి 3, 4 వారాల ముందు మొదలుపెట్టాలి, ఆఖరి వారంలో వేసి రంగు రమ్మంటే రాదు.

సోయా పిండి పచ్చిది మేతలో కలిపే ఆలోచన ఉంటే మానుకోండి. పచ్చి సోయాలో ట్రిప్సిన్ ఇన్హిబిటర్లు ఉంటాయి, అవి ప్రోటీన్ అరిగించే ఎంజైమునే ఆపేస్తాయి. కంపెనీ వాళ్ళు వేడి చేసి, లెక్క కట్టి, తక్కువైన మిథియోనైన్ లాంటివి కలిపి వాడతారు, అది వాళ్ళ పని, గట్టు మీద చేసేది కాదు.

కలపడం, ఇదే అసలు పని

10 కిలోల మేతకి లెక్క చెప్తాను, మిగతాది మీరు హెచ్చించుకోండి.

ముందు రోజు రాత్రి కాదు, మేత వేసే పూటే. ఒలిచిన వెల్లుల్లి 50 నుంచి 100 గ్రాములు కొద్ది నీళ్ళతో మెత్తగా రుబ్బి 10 నిమిషాలు పక్కన పెట్టండి. ఈలోపు బైండర్, అంటే సరుకుని పెల్లెట్‌కి అంటించే జిగురు. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ పొడి 3 గ్రాములు చాలు, 300 మిల్లీలీటర్ల నీళ్ళకి. గ్వార్ గమ్ ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇంక విడవవు, కాబట్టి ఒక చేత్తో నీళ్ళు గిరగిరా తిప్పుతూ ఇంకో చేత్తో పొడి చిటికెలు చిటికెలుగా చల్లాలి. కొద్ది నిమిషాల్లో జారుడుగా చిక్కబడుతుంది. చల్లటి చిక్కటి గంజి కూడా పని చేస్తుంది, అంత గట్టిగా పట్టదు గానీ ఏమీ లేనిదానికంటే చాలా నయం. గంజి వేడిగా ఉండగా వెల్లుల్లి కలపొద్దు, వేడికి అల్లిసిన్ పాడవుతుంది.

వెల్లుల్లి ముద్దని గుడ్డలో పిండి పిప్పి తీసేయండి, లేకపోతే పిప్పి ముక్కలు పెల్లెట్‌కి అంటవు, చెరువు అడుగున చేరి కుళ్ళుతాయి. రసాన్ని బైండర్ జిగురులో కలపండి. మేతని శుభ్రమైన టార్పాలిన్ మీద పల్చగా పరిచి, ఈ రసం కొంచెం కొంచెంగా చల్లుతూ కింద నుంచి పైకి చేతులతో తిరగేస్తూ ఉండాలి, పిసక్కూడదు, పిసికితే పెల్లెట్ విరిగి నూక అవుద్ది, ఆ నూక రొయ్య తినదు. కిలోకి 30 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం మించితే మేత నాని మెత్తబడిపోద్ది. పెల్లెట్ చేతిలో పట్టుకుంటే పైన తడి మెరుపు ఉండాలి, నొక్కితే గట్టిగానే ఉండాలి, అది కొలత.

నీడలో అరగంట ఆరనివ్వండి, ఎండలో వద్దు. ఆరాక పెల్లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా రాలాలి. పసుపు వేసే పూట అయితే 20, 30 గ్రాముల పసుపుని 100 మిల్లీలీటర్ల చేప నూనెలోనో వంట నూనెలోనో కలిపి పట్టించి ఆరనిస్తే సరిపోతుంది, నూనె కూడా ఒక రకం బైండరే. వెల్లుల్లి నీళ్ళ రసం, పసుపు నూనె రెండూ ఒకే పూట వేయాలంటే ముందు రసం పట్టించి ఆరాక ఆఖరున నూనె పూత. ముందే నూనె పూస్తే మీద నీళ్ళ జిగురు పట్టదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష, దీన్ని దయచేసి వదలకండి. ఒక గాజు గ్లాసులో మీ చెరువు నీళ్ళు పోసి గుప్పెడు కలిపిన మేత వేయండి, పక్కన ఇంకో గ్లాసులో కలపని మేత. కదపకుండా అరగంట చూడండి. వెల్లుల్లి మేత గ్లాసు పైన వాసన చూస్తే గుప్పున కొడుతోంది అంటే సగం నీళ్ళలోకే పోయింది. పసుపు గ్లాసు నీళ్ళు పచ్చబడితే అదే లెక్క. పెల్లెట్ వేలితో ఎత్తితే విరిగిపోతోంది అంటే తడి ఎక్కువైంది. నీళ్ళు దాదాపు ముందులాగే ఉండి, పెల్లెట్ తీసి నలిపితే అప్పుడు వాసన వస్తే, అది పట్టిందన్నమాట. ఉప్పదనం బట్టి బైండర్ పనితనం మారుతుంది కాబట్టి బోరు నీళ్ళతో కాకుండా చెరువు నీళ్ళతోనే చేయండి.

పొడులు వాడితే మాత్రం ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది, నీడలో ఎండబెట్టి, మర పట్టించి, పల్చటి గుడ్డలో జల్లించండి. తేమ ఉన్న పొడి డబ్బాలో పెడితే బూజు పడుతుంది, బూజు అంటే అఫ్లాటాక్సిన్ ప్రమాదం, అది నేరుగా హెపటోపాంక్రియాస్‌నే కొడుతుంది. లివర్‌కి మంచిదని వేసి లివర్నే పాడు చేసుకోవడం అంటే ఇదే. ముక్క వాసన వచ్చిందా, పారేయండి, ఎండబెట్టి వాడదాం అనుకోవద్దు.

ఎప్పుడు, ఎన్ని రోజులు

రోజంతా అన్ని పూటలూ వేయక్కర్లేదు. రోజుకి నాలుగు పూటలు మేత వేస్తుంటే ఒక పూట, బాగా తినే పూట, అందులో కలపండి. 5 నుంచి 7 రోజులు వేసి, ఒక వారం ఆపి, మళ్ళీ. రోగనిరోధక శక్తిని ఎప్పుడూ తట్టి లేపుతూ ఉంటే అది అలసిపోద్ది, ఇది బీటా గ్లూకాన్ (ఈస్ట్ లాంటి వాటి నుంచి తీసే, రోగనిరోధకతకి వేసే సరుకు) లాంటి వాటిలో తెలిసిన విషయమే, మొక్కల సరుకుకి కూడా ఇదే పద్ధతి పాటించడం మంచిది.

ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా మందు) మేతలో ఇస్తున్నారా, అయితే వెల్లుల్లి పూట, ప్రోబయాటిక్ పూట వేరు వేరుగా పెట్టుకోండి. వెల్లుల్లికి మంచి బ్యాక్టీరియా ఏదో చెడ్డ బ్యాక్టీరియా ఏదో తెలియదు, ఒకే బకెట్లో రెండూ కలిపితే డబ్బులు పెట్టి కొన్న బాసిల్లస్‌ని మీ చేత్తోనే చంపుకున్నట్టు. పొద్దున వెల్లుల్లి, సాయంత్రం ప్రోబయాటిక్, లేదా ఒక వారం ఇది, ఒక వారం అది.

సీడ్ వేసిన మొదటి నెల క్రంబుల్ మేత, చిన్న సైజు, ఎంత తింటున్నాయో కూడా సరిగ్గా తెలియదు, అప్పుడు ఈ హడావుడి పెట్టుకోకపోవడమే నయం. చెక్ ట్రేలో రొయ్య సరిగ్గా కనపడడం మొదలైనప్పటి నుంచి చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర గుల్ల ఎక్కువ వదులుతున్నప్పుడు ఎలాగూ తిండి తగ్గుతుంది, ఆ రెండు మూడు రోజులు మేత తగ్గించి, మినరల్స్ సంగతి చూడండి, కొత్త పొడి మొదలుపెట్టే టైం కాదు అది. తెల్లవారుజామున డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందకి పోతున్న చెరువులో కూడా అంతే, ముందు ఏరేటర్లు, తర్వాత వెల్లుల్లి.

పని చేస్తోందా లేదా

చెక్ ట్రే మొదటి సాక్షి. కలిపిన పూట ట్రేలో మేత మిగిలి, కలపని పూట మిగలకపోతే రుచి నచ్చలేదన్నమాట, మోతాదు సగం చేయండి. ట్రేలో రెట్ట కూడా చూడండి, గోధుమ రంగులో గట్టి తీగలుగా అడుగున ఉంటే బాగున్నట్టు, తెల్లగా నీళ్ళ మీద తేలే తీగలు కనపడితే అది వైట్ గట్ మొదలు, అప్పుడు మేత బాగా తగ్గించి రొయ్యల్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళండి.

ఒక నాలుగైదు రొయ్యల్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని వీపు మీద పేగు గీత చూడండి, తల దగ్గర నుంచి తోక దాకా తెగకుండా నిండుగా ఉండాలి. హెపటోపాంక్రియాస్ పెద్దగా, ముదురు గోధుమ రంగులో ఉండాలి, పాలిపోయి కుంచించుకుపోయిందంటే ఏదో జరుగుతోంది. ల్యాబ్‌లో విబ్రియో ప్లేటు పెట్టించినప్పుడు పసుపు రంగు కాలనీలు (ప్లేటులో పెరిగే బ్యాక్టీరియా గుంపులు), ఆకుపచ్చ కాలనీలు విడివిడిగా రాయించుకోండి, పారాహీమోలిటికస్ లాంటి ప్రమాదకర విబ్రియోలు ఆకుపచ్చలో వస్తాయి, మొదలుపెట్టే ముందు ఒకసారి, వారం అయ్యాక ఒకసారి, అప్పుడు గాని పోల్చుకోవడానికి ఉండదు.

ఒకేలాంటి రెండు చెరువులు ఉంటే ఒకదానికి వేసి ఒకదానికి వేయకుండా చూడడం అన్నిటికంటే మంచిది. ఒకే సీడ్, ఒకే రోజు వేసినవి అయితేనే. అందరూ అన్ని చెరువులకీ వేసేసి, పంట బాగా వస్తే పొడి గొప్ప, పోతే సీడ్ చెడ్డది అంటుంటారు, దాంతో ఎవరికీ ఏమీ తెలియట్లేదు. వారం వారం సగటు బరువు, వేసిన మేత, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి ఎంత మేత పట్టిందనే లెక్క) రాసుకుంటే చాలు.

తవుడు పులియబెట్టడం

ఇది నేరుగా మేత కాదు గానీ మొక్కల సరుకే, రొయ్య తినే సహజ ఆహారాన్ని పెంచుతుంది కాబట్టి చెప్పాలి. మెత్తటి తవుడు కిలోకి 5 నుంచి 10 లీటర్ల నీళ్ళు, బాసిల్లస్ ప్రోబయాటిక్, కొద్దిగా బెల్లం, గాలి పెడుతూ 24 గంటలు. తియ్యటి పుల్లటి వాసన రావాలి, కుళ్ళు వాసన, పైన గులాబీ లేదా నల్ల బూజు వస్తే పారబోయండి. పైన తేరిన నీళ్ళు చెరువులో చల్లండి, అడుగు పిప్పి మాత్రం ఒత్తుగా సీడ్ వేసిన చెరువులో పోయొద్దు, అదంతా అడుగున బురద అవుద్ది. సీడ్ వేశాక తవుడు లెక్క 1 పీపీఎం చుట్టూ ఉంచుకోవచ్చు, అంటే మీటరు లోతున్న హెక్టారుకి 10 కిలోలు. కోపెపాడ్లు అనే సన్నటి పురుగులు పెరుగుతాయి, చిన్న రొయ్యకి దానికి మించిన మేత లేదు. నీళ్ళ రంగు మరీ ముదిరితే, లేదా డీఓ పడిపోతుంటే ఆపేయండి.

ప్యాకెట్లు కొనేవాళ్ళకి

రుబ్బే ఓపిక లేక రెడీమేడ్ హెర్బల్ ప్యాకెట్ కొంటే లేబుల్ మీద ఏ మొక్క, ఏ భాగం, ఎంత శాతం అనేది ఉండాలి. ప్రత్యేక మూలికల మిశ్రమం అని మాత్రమే రాసి ఉంటే వద్దు. రెండు మూడు రోజుల్లో మ్యాజిక్ లాగ చావులు ఆగిపోయాయి అంటే సంతోషపడకండి, అనుమానపడండి, మొక్క అంత తొందరగా పని చేయదు, లోపల యాంటీబయాటిక్ కలిపి ఉండొచ్చు, పట్టుబడి రోజు శాంపిల్ ఫెయిల్ అయితే ప్యాకెట్ అమ్మినాయన కనపడడు, చెరువు మీది. ఆ బ్యాచ్‌కి యాంటీబయాటిక్ టెస్ట్ రిపోర్ట్ అడగండి, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి, ప్రతి బ్యాచ్ నుంచి గుప్పెడు పొడి కవర్లో కట్టి పంట అమ్ముడుపోయేదాకా దాచండి. తేడా వస్తే టెస్టుకి పంపడానికి మీ దగ్గర సరుకు ఉంటుంది.

పట్టుబడికి వారం ముందు రంగు కోసం వేసేది తప్ప మిగతావన్నీ ఆపేసి మామూలు మేత వేయండి, వెల్లుల్లి అయితే తప్పకుండా, కొనేవాళ్ళు ఉడకబెట్టి వాసన చూస్తారు.